మూడు నిమిషాలు

కాకుటూరు యూనివర్సిటీ ఆయన
ఫోన్లో అడిగాడు:
"ఎవరి పేరు మీద పెడతారమ్మా ఈ బహుమతి?
మీ వారి పేరా?"
కాదు నాయనా.
పేరు తెలియని ఒకామె పేరు మీద.
ఆయన కాసేపు మాట్లాడలా.
ఫారంలో ఆ గడి ఖాళీగా వదలకూడదంట.

"మాస్ కమ్యూనికేషన్‌లో ఫస్టు మార్కులొచ్చినోళ్లకి ఇద్దామా?"
వొద్దు. బాగా వినేవాళ్లకి.
"వినడానికి మార్కులుండవమ్మా."
తెలుసు. ముప్పై నాలుగేళ్లు విన్నా,
ఒక్కడూ వెయ్యలా.

కావలి ఎక్స్‌ఛేంజిలో నా కుర్చీ ఎత్తుగా ఉండేది.
ముందర బోర్డు, బోర్డు నిండా బొక్కలు,
చేతిలో తీగ, తలకి ఇనప బిగింపు.
గూడూరు నిమ్మకాయల రేటు
నా చెవిలోంచే మద్రాసు పొయ్యేది.
కందుకూరులో మొగపిల్లోడు పుడితే
తండ్రికన్నా ముందు నాకు తెలిసేది.
లైట్నింగ్ కాల్ అంటే చావన్నా అయ్యుండాల,
పొగాకు బేరమన్నా అయ్యుండాల.
రెండిటికీ ఒకటే చార్జీ.

మూడు నిమిషాలవగానే
మధ్యలో దూరి అడగాల:
"టైమైపోయింది, పొడిగించమంటారా?"
రోజుకి నూరుసార్లు. నిద్దట్లో కూడా అంటానని
మా ఆయన నవ్వేవాడు.

ఒక రేయి బిట్రగుంట రైల్వే క్వార్టర్స్ నుంచి ఒకామె.
నాగపూరుకి బుక్ చేసి నాలుగ్గంటలు కూచుంది.
లైను దొరికింది. అవతల ఎవరో హలో హలో అంటుండారు.
ఈమె మాట్లాడలా.
ఏడుపు కూడా కాదు, గొంతులో ఏదో అడ్డం పడి
ఊపిరి మెలిపడతా ఉండే చప్పుడు.
నేను గడియారం చూస్తా ఉండా.
మూడు నిమిషాలు. అడిగా: పొడిగించమంటారా?
జవాబు లేదు.
జవాబు లేకపోతే పీకెయ్యాల. రూలు.
పీకేశా.
టికెట్టు మీద రాశా, మూడు నిమిషాలని.
నా రాత గుండ్రంగా బాగుంటుందని అందరూ అనేవాళ్లు.

ఇంటర్వ్యూకి పదకొండుమంది పిలకాయలొచ్చారు.
ఈ సంగతే అందరికీ చెప్పా.
ఒకడు ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకున్నాడు.
ఒకమ్మాయి కళ్లు తుడుచుకునింది, తొందరగా.
ఇంకొకడు "మంచి కంటెంటు మేడం" అన్నాడు.
వాడి మీద కోపం లేదు, వాడికి తెలిసిన మెప్పు అదే.

తుమ్మలపెంట పిల్ల ఆఖర్న వచ్చింది, పామంజి ఈశ్వరి.
బస్సు తప్పిందంట, తెగిన చెప్పు చేతిలో పట్టుకోనుండాది.
అంతా విని అడిగింది:
"ఆమె ఏ బాసలో ఊపిరి పీల్చిందవ్వా?"

ఇదేం అడగడం మే!

"మా నాయన పడవలో వైర్‌లెస్ సెట్టుండాదవ్వా.
గాలెక్కువైతే మాట ఇనపడదు, గరగర తప్ప.
ఆ గరగరలోనే మా అమ్మ చెప్పేస్తది,
ఇది మన పడవ, ఇది మేనమామోళ్లది అని.
ఊపిరిక్కూడా ఊరుంటదంట."

నేను నలభైయేళ్లు వెనక్కి పోయి
ఆ చప్పుడుని మళ్లీ చెవికి తగిలించుకున్నా.
అరవమా? హిందీనా? మన తెలుగేనా?
పట్టుకోలేకపోయా.

"ఆ పిల్లకి కుదరదమ్మా" అన్నాడాయన.
"రెండు బ్యాక్‌లాగ్‌లున్నాయి."
అంటే ఏంది?
"బాకీ సబ్జెక్టులు."
నాకూ ఒక బాకీ ఉండాది నాయనా, ఈ డబ్బు దాని కోసమే.
మీ రూలు పుస్తకంలో అది కూడా రాసుకో.

ఐదువేలు. చెక్కు మీద ఈశ్వరి కాస్తా ఇశ్వరి అయింది,
బ్యాంకోళ్లు రెండుసార్లు తిప్పారంట.
మైకు కొంటదనుకున్నా. కొనలా.
పరీక్ష ఫీజు కట్టిందంట, చెప్పులు కొనిందంట,
మిగిలిన దాంట్లో
సెట్టుకి బ్యాటరీ.